ఏడాది బిడ్డ కొలత

మొన్నటిదాకా ఎవరి ముందూ నోరు విడిచి చెప్పని మాట ఒకటుంది. మా అక్క కూతురి కోసం నేను కుట్టిన బొంత కనిగిరి బస్సులో పోలేదు. అసలు నేను బొంతే కుట్టలేదు. ఆ బొంతకని అక్క ఇచ్చిన మా అమ్మ చీరలు మూడూ మడత నలగకుండా, ఒక్క కుట్టయినా పడకుండా, మూడేళ్లకు పైగా నా ట్రంకుపెట్టె అడుగున ఉన్నాయి. అవి పోయాయని మా అక్క ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

ఈ సంగతి దస్తగిరమ్మ అవ్వకు కూడా చెప్పలేదు. ఆమె దగ్గర బొంతలు కుట్టడం నేర్చుకోవడానికి వెళ్లినదాన్ని, మొదటిరోజే ఆమెకూ ఆ అబద్ధమే చెప్పాను. తర్వాత ఒకసారి ఆమెను ఒక ప్రశ్న అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. జవాబులు చెప్పే అలవాటు ఆమెకు లేదు. దానికి బదులు, ఈ చలికాలంలో ఒక ఉదయం ఆమె ఇంటి బండల మీద ఒక చిన్న సంగతి జరిగింది. నేను రాయాలనుకున్నది ఆ సంగతే. కానీ ముందు నా తప్పు రాసుకోకపోతే అది ఎవరికీ అర్థం కాదు.

అక్క పేరు రత్నకుమారి. ఆమెకు ఏడో నెల నడుస్తుండగా అమ్మ పోయింది. నాన్న అంతకు చాలా ముందే పోయాడు. అమ్మ ఇక్కడ మార్కాపురంలో పలకల షెడ్డులో రాళ్లు నునుపు చేసే పని చేసేది. ఎన్నిసార్లు ఉతికినా ఆమె చీరల్లో సన్నటి రాతిపొడి వాసన ఉండిపోయేది. తడిగుడ్డతో తుడిచిన పలక వాసన అది. అమ్మ లేకపోవడంతో అక్క మొదటి కానుపుకు పుట్టింటికి రాలేదు, కనిగిరిలో అత్తగారింట్లోనే ఉండిపోయింది. చీర పెట్టి, ఒళ్లో గాజులు పోసి తీసుకొచ్చేవాళ్లు ఎవరున్నారు కనుక. పుట్టింటి తరఫున ఆ బిడ్డకు అందాల్సింది ఏదైనా ఉందంటే బొంత ఒక్కటే. మా వైపు పసిబిడ్డ ఒంటికి కొత్తబట్ట తగలనివ్వరు, గరుకు అంటారు. పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడ్డ నూలు చీరలు పొరలు పొరలుగా పరిచి బొంత కుడతారు. అక్క అమ్మ చీరల్లో మూడు తీసి నా చేతిలో పెట్టింది. చిలకపచ్చది ఒకటి, పసుపు మీద గోధుమరంగు చుక్కలది ఒకటి, షెడ్డుకు కట్టుకెళ్లే ముదురు నీలంది ఒకటి. తనకంటూ ఒక్కటీ ఉంచుకోలేదు.

"అమ్మ చేతులు ఎట్టాగూ అందవు. చీరలైనా అందనీ వేణీ," అంది.

నాకు ఏ పనీ ఒకరు నేర్పింది కాదు. ఇంటర్‌తో చదువు ఆగింది. మిషను కుట్టడం ఫోనులో చూసి నేర్చుకున్నాను. తెలుగు చక్కగా రాయడం లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు బస్టాండు దగ్గర చీరలకు ఫాల్స్ వేసే కొట్టులో పనిచేస్తున్నది కూడా అట్లా నేర్చుకున్న పనితోనే. ఎవరూ నేర్పనివాళ్లకు ఒక బెంగ ఉంటుంది. ఎక్కడో తప్పు చేస్తున్నామని, తెలిసినవాళ్లు చూస్తే నవ్వుతారని. అందుకని దేనికైనా ముందు అంతా గీసుకోవాలి నాకు. లెక్కలు చేసుకునే గళ్ల పుస్తకం ఒకటి కొని బొంత గీయడం మొదలుపెట్టాను. మొదట నాలుగు మూలలా నెమళ్లు అనుకున్నాను. తర్వాత నెమళ్లు తీసేసి నడిమధ్య బిడ్డ పేరు కుట్టాలనుకున్నాను. పేరు పెట్టేదాకా ఆగాను. జోషిత అని పెట్టారు. అక్షరాలు గీసుకున్నాను. మూడో నెలలో అక్క అత్తగారు ఎవరినో అడిగి ఆ పేరు కలిసిరాదని మోక్షిత అని మార్చింది. మళ్లీ గీసుకున్నాను. ఉయ్యాల కొలతకు వేసిన బొమ్మ పూర్తయ్యేసరికి మోక్షిత ఉయ్యాల దిగి పాకుతోంది. పాకే బిడ్డకు సరిపడా పెంచి గీశాను. అప్పటికి గోడ పట్టుకుని నిలబడుతోందని అక్క ఫోనులో చెప్పింది. బిడ్డ కంటే నా పుస్తకం ఎప్పుడూ రెండు నెలలు వెనక ఉండేది.

కత్తెర పట్టుకోలేదని కాదు. రెండుసార్లు పట్టుకున్నాను. చిలకపచ్చ చీర మంచం మీద పరిచి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, కత్తెర తెరిచాను. రెండుసార్లూ అమ్మ గుమ్మంలో నిలబడి ఏం పాడుచేస్తున్నావే అన్నట్టు అనిపించి మడిచి పెట్టేశాను. అమ్మ నన్ను ఎప్పుడూ అట్లా అన్నది కాదు. ఆ మాట నేనే ఆమె నోట్లో పెట్టాను. అక్క ఫోను చేసి అడిగినప్పుడల్లా అయిపోవస్తోందక్కా, అంచు ఒక్కటే మిగిలింది అనేదాన్ని. అంచు ఒక్కటే మిగిలిందని ఐదు నెలలు చెప్పాను.

మొదటి పుట్టినరోజుకు రమ్మన్నారు. వెళ్లాను. చేతిలో బిస్కెట్ల ప్యాకెట్టు, ఒక గౌను. వాకిట్లో కుర్చీల నిండా జనం. అక్క నన్ను చూడగానే అందరికీ వినబడేట్టు, మా చెల్లి మా అమ్మ చీరలతో బొంత కుట్టి తెచ్చింది, కేకు కోసేముందు బిడ్డను దానిమీదే కూర్చోబెడతాం అంది. అత్తగారి వైపు ఆడవాళ్లు మెడలు చాచారు. నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చింది. బస్సులో పై అరలో పెట్టానక్కా, దిగేటప్పుడు మరిచిపోయాను. అప్పటికి నాకు అది అబద్ధంలా కూడా అనిపించలేదు. ఆ క్షణం దాటడానికి దొరికిన చెయ్యిలా అనిపించింది. అక్క కేకు వదిలేసి, కొత్త పట్టుచీరతోనే బావ బండి ఎక్కి బస్టాండుకు వెళ్లింది. బస్సు ఇంకా కదల్లేదట. పై అరలన్నీ వెతికారట. కండక్టరు తాను చూడలేదని చెబితే అక్క నమ్మలేదని, దొంగ అని అరిచిందని బావ తర్వాత చెప్పాడు. ఆ మనిషి తన చేతిసంచీ తెచ్చి అరుగు మీద గుమ్మరించి చూపించాడట. టిఫిను గిన్నె, దువ్వెన, మఫ్లరు. అంతే ఉన్నాయట అందులో. వాళ్లు తిరిగొచ్చేదాకా మోక్షిత ఎవరి చంకలోనో ఏడుస్తూనే ఉంది. నేను వెళ్లి ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే నా ముఖం చూస్తుందని భయమేసింది.

అక్క నన్ను ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లోపలి గదిలో మంచం మీద కూర్చుని, "అమ్మ వాసన ఇంకెక్కడా లేదు కదే," అంది. అంతే. నేను వీపు నిమిరాను.

తర్వాత రెండేళ్లు ఆమె ఫోను చేస్తే పనిలో ఉన్నానని మెసేజీ పెట్టడం అలవాటు చేసుకున్నాను. పండగలకు మాట్లాడితే మాట్లాడాను, లేకపోతే లేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగేది. బాగానే ఉన్నాననేదాన్ని.

దస్తగిరమ్మ అవ్వ మా కొట్టుకు నాలుగు వీధుల అవతల ఉంటుంది. దూదేకులవాళ్లు. వాళ్లాయన ఉన్నన్నాళ్లు విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపుల్లో దూది ఏకేవాడట. ఆయన పోయాక ఆమె బొంతలు పట్టుకుంది. మా కొట్టులో మిగిలిన గుడ్డముక్కలు మూటగట్టి ఆమెకిచ్చి రావడం నా పని. అట్లా పరిచయం. ఆరు నెలల కిందట ఒకరోజు మూట దించి, నాకూ నేర్పుతావా అవ్వా అని అడిగాను. ఇంతకుముందు కుట్టావా అంది. మా అక్క కూతురికి అమ్మ చీరలతో ఒకటి కుట్టానవ్వా, బస్సులో పోయింది అన్నాను. అబద్ధం అప్పటికి అరిగి అరిగి నిజమంత నున్నగా అయింది. అవ్వ నా కుడిచెయ్యి తీసుకుని తిరగేసి, నడిమివేలి కొన మీద తన బొటనవేలు ఒకసారి రాసింది. లావు సూదిని నాలుగు పొరల గుండా నెట్టేవాళ్లకు అక్కడ చర్మం మొద్దుబారి గింజలా తగులుతుంది. ఆ విషయం నాకు తర్వాత, నా వేలికి కూడా అది వచ్చాక తెలిసింది. ఆరోజు మాత్రం ముసలివాళ్లకు చేతులు నిమరడం సరదా అనుకున్నాను. సరే, కూర్చో పాపా అంది ఆమె.

ఆమె దగ్గర ప్రశ్న అడిగితే పని దొరుకుతుంది. కుట్టు వంకరపోతే ఏం చెయ్యాలవ్వా అని ఒకసారి అడిగాను. లోపలికి వెళ్లి తను కప్పుకునే బొంత తెచ్చి నా ఒళ్లో పడేసి, ఇందులో వంకర లేని కుట్టు వెతికి పెట్టమంది. ఆ ఆదివారం మధ్యాహ్నం దాకా వెతికాను. ఒక్కటి దొరకలేదు. పెళ్లయిన ఏడాది కుట్టిందట దాన్ని, ఇన్నేళ్లూ దానికిందే పడుకుంటోంది. పాతచీరకు ఆమె కత్తెర తాకించదు. అంచు దగ్గర పళ్లతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చింపుతుంది. చింపితే నేత వెంబడి పోతుందట, కత్తెర పెడితే మన ఇష్టం వెంబడి పోతుందట. చింపిన చీరలు బండల మీద పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా పగిలిన పలక ముక్కలు బరువు పెట్టి, అంచునుంచి లోపలికి చుట్లు చుట్లుగా కుట్టుకుంటూ పోతుంది. జరీ అంచు కనబడితే మొదట అది పీకేస్తుంది. బిడ్డ బుగ్గ గీసుకుంటుందని. నేను ఆ ఏడాదంతా గీసిన ప్రతి బొమ్మలోనూ చిలకపచ్చ చీర జరీ అంచు సరిగ్గా బిడ్డ బుగ్గ దగ్గరే ఉంది.

పోయిన నెల అక్క దగ్గర్నుంచి ఒక వాయిస్ మెసేజీ వచ్చింది. మోక్షిని బళ్లో వేశారట. అక్కడ పిల్లలందరినీ తీసుకెళ్లడానికి అమ్మమ్మలు వస్తున్నారట, మా అమ్మమ్మ ఏది అని రోజూ అడుగుతోందట. ఫోటో చూపిస్తే ఒప్పుకోవడం లేదట. ఆ బొంత ఉన్నా ఇదిగోనే అని చేతిలో పెట్టేదాన్ని అంది అక్క. నన్ను నొప్పించాలని అనలేదు. మాటల్లో మాటగా అనేసి, వంకాయల సంగతిలోకి వెళ్లిపోయింది.

ఆ మెసేజీ విని నేను చేసిన పని చెప్పడం, మొదటి తప్పు చెప్పడం కంటే కష్టంగా ఉంది. అక్కకు నిజం చెప్పాలని నాకు తోచలేదు. బొంత దొరకాలి అని తోచింది. మళ్లీ గళ్ల పుస్తకం కొన్నాను. పొదిలి బస్టాండులో జామకాయలమ్మే ఆమెకు రెండేళ్ల కిందట బస్సులో బొంత దొరికిందని, మంచిది కదా అని దాచిందని, మొన్న నేను బస్సు దిగినప్పుడు ఆమె బండి మీద గుర్తుపట్టానని రాసుకున్నాను. ఆమెకు కోటేశ్వరమ్మ అని పేరు కూడా పెట్టాను. బొంత పాతగా కనబడాలి కాబట్టి కుట్టాక ఇరవైసార్లు ఉతకాలి, మిద్దె మీద ఎండలో వెలవనివ్వాలి అని రాసుకున్నాను. అంతా కుదిరింది. ఒక్కచోట ఆగిపోయాను. అది పుట్టినరోజు నాటికి కుట్టిన బొంత. అంటే ఏడాది బిడ్డ కొలతలో ఉండాలి. ఏడాది బిడ్డ ఎంత ఉంటుంది? మోక్షిత ఆరోజు ఎంత ఉండేదో నాకు తెలియదు. నేను ఎత్తుకోలేదు కదా.

అట్లా ఒక సోమవారం పొద్దున్నే, కొట్టు తెరవకముందే, మూడు చీరలూ ఒక కవర్లో పెట్టుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. మంచు ఇంకా విడవలేదు. గాలి కొండల వైపు నుంచి చల్లగా కొడుతోంది. అవ్వ పంచలో కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోంది. నల్లబండల మీద చాప వేసుకుని ఆమె మనవరాలు షమీమ్ బొంత కప్పుకుని నిద్రపోతోంది. కోడలు మాబున్ని పలకల షెడ్డుకు బయల్దేరుతూ టిఫిను గిన్నె సంచిలో పెట్టుకుంటోంది. కవరు పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"అవ్వా, ఏడాది బిడ్డకు బొంత ఎంత కొలత పెట్టాలి?"

ఎవరి బిడ్డకని అడిగింది. మా అక్క కూతురికని చెప్పాను. దానికి మూడేళ్లని మొన్ననే చెప్పినావు గదా అంది. అవునవ్వా, కానీ ఏడాది కొలతే కావాలన్నాను. ఎందుకని అడుగుతుందని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. అడగలేదు. దారం ముడేసి సూది రవికకు గుచ్చుకుని, లేచి వెళ్లి మనవరాలి మీది బొంత తీసేసింది. గూట్లోంచి బలపం తెచ్చి నా చేతికిచ్చింది. షమ్మీకీ మూడేళ్లేనట. ఏడాదప్పుడు అది ఎంత ఉండేదో ఈ బండ మీద గీయాలట, గీశాక జానలతో కొలుచుకోవాలట.

గుమ్మం దాటుతున్న మాబున్ని వెనక్కి తిరిగి చూసింది. "పొద్దున్నే శిష్యురాలు దొరికితే మా అత్తకు మనవరాలు కూడా గీసుకునే బండే," అని నన్ను చూసి నవ్వుతూ వెళ్లిపోయింది.

నాకు అది కష్టమైన పనిలా తోచలేదు. ముందు ఉన్న బిడ్డ చుట్టూ గీత గీసుకుంటే, అందులోంచి రెండేళ్లు తగ్గించుకోవచ్చు అనుకున్నాను. పిల్ల కిందినుంచి చాప మెల్లగా లాగేసి, తలనుంచి మొదలుపెట్టి భుజం దాకా వచ్చాను. షమ్మీ పక్కకు ఒత్తిగిలింది. గీత ఒకచోట, తల ఒకచోట. బళ్లో చేసినట్టు బొటనవేలు ఉమ్ముతో తడిపి చెరిపి మళ్లీ గీశాను. ఈసారి నడుము దాకా వచ్చాక మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. నాకు విసుగు రాలేదు, పైగా మంచిదే అనిపించింది, చిన్నగా ముడుచుకుంటే ఏడాది కొలతకు దగ్గర పడుతుంది కదా అని. చుట్టూ తిరిగి గీశాను. వెల్లకిలా పడుకుంది. బండ మీద తలలు మూడు, భుజాలు నాలుగు అయ్యాయి. చివరికి నిద్రపోయే పిల్లను వదిలేసి పక్కనున్న ఖాళీ బండ మీద నా మనసులో ఉన్న బిడ్డను గీశాను. చిన్న తల, ఉబ్బిన పొట్ట, ఎడంగా చాచిన చేతులు, వేళ్లు పదీ. మెడలో దారం కూడా గీశాను. ఇన్నేళ్లలో నేను గీసిన అన్ని బొమ్మల్లోకీ అది బాగా కుదిరింది. మోకాళ్ల మీద కూర్చుని దాన్ని చూసుకుంటూ ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు. పక్కన ఒకరు తుమ్మితే తెలివొచ్చింది.

షమ్మీ లేచి కూర్చుంది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కళ్లు నులుముకుని బండ మీది బొమ్మను చూసి, ఇదెవరు అంది. నువ్వేనమ్మా, నీ చిన్నప్పుడు అన్నాను. అది లేచి వెళ్లి బుద్ధిగా బొమ్మలో పడుకుంది. తల ఆ తలలో పెట్టింది. కాళ్లు మోకాళ్ల దగ్గర్నుంచీ గీత బయటే ఉన్నాయి. తలెత్తి తన కాళ్లను చూసుకుంది, నన్ను చూసింది. పెద్దవాళ్లు పొరపాటు చేస్తే పిల్లలు సర్దిచెప్పే గొంతుతో చెప్పింది.

"నేను ఇందులో లేను. నేను ఈడుండా."

నేను నవ్వబోయాను. నవ్వు రాలేదు. అవ్వ కూడా నవ్వలేదు. సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది గానీ కుట్టడం లేదు. ఏడాది బిడ్డ ఎక్కడా లేదని, మార్కాపురంలోనూ లేదు కనిగిరిలోనూ లేదని నాకు అప్పుడే, ఆ నల్లబండ మీదే కనబడింది. నేను మూడేళ్లుగా ఎవరికి కుడదామనుకున్నానో ఆ బిడ్డ నేను గీస్తూ ఉండగానే వెళ్లిపోయింది. ఏడాది బిడ్డ వెళ్లిపోయింది, రెండేళ్ల బిడ్డా వెళ్లిపోయింది. మూడేళ్లది ఒకతె మిగిలింది, బడి గేటు దగ్గర నిలబడి అమ్మమ్మ ఏదని అడుగుతోంది. ఆమెకు ఏమివ్వాలో నేను ఏ పేజీలోనూ రాసుకోలేదు.

షమ్మీకి చలేసింది. తన బొంత అవ్వ ఒళ్లో ఉంది. అడగలేదు. నా పక్కనున్న కవరు దానికి దగ్గర. చెయ్యి పెట్టి అందిన చీర లాగింది. ముదురు నీలంది. మడత మీద మడత విడిపోతూ చీరంతా బయటికొచ్చింది. నేను ఆపడానికి చెయ్యి చాచాను, మధ్యలో ఆగిపోయాను. అది చీరను తలమీంచి కప్పుకుని, రెండు చుట్లు చుట్టుకుని, కొస నోటిదగ్గర పట్టుకుని కూర్చుంది. ముక్కు అందులో పెట్టింది. ముఖం విప్పారింది.

"అమ్మ చీర," అంది.

కాదమ్మా, మీ అమ్మది కాదు అని చెప్పబోయి ఊరుకున్నాను. వాళ్లమ్మ కూడా పలకల షెడ్డులోనే కదా. తడిగుడ్డతో తుడిచిన పలక వాసన నాకూ సోకింది. అక్క ఇంకెక్కడా లేదని ఏడ్చిన వాసన అది. పెట్టెలో మూతవేసి నేను దాచిందీ దాన్నే. ఒక్క కుట్టు లేదు, అంచు లేదు, నెమలి లేదు. కట్టి వదిలిన చీర ఉన్నదున్నట్టుగా ఒక బిడ్డకు సరిపోయింది. బిడ్డ వెచ్చబడింది. ఇంత మాత్రానికి నేను అక్కను ఆ అరుగు మీద, ఆ కండక్టరు ముందు నిలబెట్టాను.

అవ్వ చెయ్యి చాచి చీర కొస పట్టుకుంది. మడత పడ్డచోట గీత కత్తిలా నిలబడి ఉంది. కుట్టి విప్పిన బట్టకు సూది కన్నాలుంటాయి, వెలుతురుకు పెడితే కనబడతాయి. ఆమె వెలుతురుకు పెట్టి చూడలేదు. బొటనవేలితో ఒకసారి రాసి వదిలేసింది, ఆరు నెలల కిందట నా వేలు రాసినట్టే. నాకు అప్పుడు అర్థమైంది, నేను బొంత కుట్టలేదని ఆమెకు మొదటిరోజే తెలుసని, ఈ ఆరు నెలలూ ఆమె నాకు ఏం నేర్పుతోందో కాదు, దేనికోసం ఎదురుచూస్తోందో. తల ఎత్తలేకపోయాను. కొలత దొరికిందా పాపా అని అడిగింది. లేదవ్వా అన్నాను. అయితే బండ తుడువు, బిడ్డ జారి పడుతుంది అంది.

గుడ్డ తడిపి తుడిచాను. తలలు పోయాయి, భుజాలు పోయాయి, పదివేళ్ల బిడ్డ పోయింది. నీళ్లలో బలపం తెల్లగా కలిసి అంచువరకూ పారింది. నేను గుడ్డ పిండుతుంటే అవ్వ సూదిని చూసుకుంటూ, నాతో కానట్టుగా అంది.

"బస్సులో పోయింది బొంత కాదు పాపా. నువ్వు ఇంకా అందులోనే కూర్చోనుండావు. నీ ఊరు దాటి శానా సేపయింది, దిగు."

అవ్వ మళ్లీ కుట్టు అందుకుంది. మిగిలిన రెండు చీరలూ కవర్లో సర్దుకున్నాను. నీలంది షమ్మీ ఇవ్వలేదు, సాయంత్రం వచ్చి తీసుకుంటానని చెప్పి వీధిలోకి వచ్చాను. మంచు విడిచి ఎండ పల్చగా పడుతోంది. వేళ్ల సందుల్లో బలపం పొడి ఇంకా ఉంది. ఏడున్నర దాటింది. ఈ పాటికి అక్క మోక్షిని ముందు కూర్చోబెట్టుకుని జడలు వేస్తూ ఉంటుంది, రిబ్బను పళ్లతో పట్టుకుని. ఫోను ఎత్తితే మాట సరిగా రాదు ఆమెకు. చిలకపచ్చది, పసుపుది, నీలంది, మూడూ ఉన్నాయని చెబితే ముందు సంతోషిస్తుంది. తర్వాత ఏమంటుందో నాకు తెలియదు. తిట్టవచ్చు, ఇక మాట్లాడకపోవచ్చు కూడా. ఏ మాటతో మొదలుపెట్టాలో ఎక్కడా రాసుకోలేదు, గీసుకోలేదు. గోడ పక్కన నిలబడి ఫోను బయటికి తీశాను. ఇప్పుడే చెయ్యాలి, ఆమె ఎత్తేదాకా చేస్తూనే ఉండాలి అనుకున్నాను.